అమ్మ పక్కన కూర్చోబెట్టి తీసుకున్న స్టేట్‌మెంట్

హైదరాబాద్‌లో లాయరుగా, ఇంట్లోవాళ్లని కాదని వచ్చేసిన జంటల కేసులు చాలా ఏళ్లుగా చూస్తున్నాను. ఎక్కువమంది కులాంతర జంటలే. ఆ పనిలో మాకు అలవాటైన దారి ఒకటుంది. ముందు ఆర్యసమాజ్‌లో పెళ్లి, చేతికి సర్టిఫికెట్, ఆ తర్వాతే పోలీస్ స్టేషన్. 2025 మొదట్లో ఒక జంటగా ఇద్దరు ఆడవాళ్లు నా దగ్గరికి వస్తే, చట్టంలో వాళ్లకి పెళ్లి లేదు కాబట్టి ఆ మొదటి మెట్టు లేదని తెలిసి కూడా నేను వాళ్లని రెండో మెట్టు ఎక్కించాను. దానివల్ల ఒకామె తొమ్మిది వారాలు నిర్బంధంలో ఉంది. ఇలాంటివాళ్లకి తోడు వెళ్లే జూనియర్ లాయర్లకీ కార్యకర్తలకీ పనికొస్తుందని, ఇద్దరి అనుమతితో రాస్తున్నాను. ఊళ్లూ ఉద్యోగాలూ చెప్పను, కొన్ని వివరాలు మార్చాను. వయసులో మూడేళ్ల తేడా ఉంది కాబట్టి పెద్దామె, చిన్నామె అంటాను. అమ్మాయిలు అని మాత్రం రాయను. ఇద్దరూ పాతికేళ్లు దాటినవాళ్లు. వాళ్లని చిన్నపిల్లల్లా చూడటంతోనే ఈ కేసు మొదలైంది.

నేపథ్యం

ఇద్దరూ నాలుగేళ్లుగా ఒకే ఇంట్లో అద్దెకుంటున్నారు. ఓనర్‌కి అక్కాచెల్లెళ్ల వరస అని చెప్పారు. ఫ్రిజ్ ఈఎంఐ ఒకరిది, గ్యాస్ కనెక్షన్ ఇంకొకరిది, చీటీ ఇద్దరూ కలిసి కడతారు. పెద్దామెకి తల్లిదండ్రులు లేరు. చిన్నామెది కోస్తా ఆంధ్రలో ఒక చిన్న పట్నం.

సంక్రాంతికి ఊరెళ్తే ఆమెకి పెళ్లిచూపులు పెట్టారు. భోగికి నాలుగు రోజుల ముందే, జనవరి 9న, స్వలింగ వివాహాలని గుర్తించని తీర్పుని మళ్లీ చూడమని పడ్డ రివ్యూ పిటిషన్లను సుప్రీంకోర్టు కొట్టేసింది. పేపర్లో ఆ వార్త చదివి వాళ్ల నాన్న "మంచి పని చేశారు" అన్నాడట. ఆ మాట విన్నాక ఇంట్లో చెప్పే ధైర్యం లేక తిరిగొచ్చేసింది. ఫిబ్రవరిలో తాంబూలాలకి రోజు చూస్తున్నామని తల్లి ఫోన్ చేస్తే ఇక దాచలేక చెప్పేసింది.

రెండు రోజుల్లో తండ్రి, అన్న, మేనమామ హైదరాబాద్ బయల్దేరారు. బయల్దేరే ముందు సొంతూరి స్టేషన్లో మిస్సింగ్ కేసు పెట్టారు. ఆమె రోజూ ఆఫీసుకి వెళ్తోంది, మొన్ననే తల్లితో ఫోన్లో మాట్లాడింది. అలాంటి మనిషి తప్పిపోవడమేంటని ఎవరూ అడగలేదు. ఇల్లు దాటిన ఆడవాళ్లని వెనక్కి తెప్పించుకోవడానికి మన దగ్గర మిస్సింగ్ కేసు చాలాకాలంగా వాడుకలో ఉన్న పనిముట్టు.

మొదటి నిర్ణయం

రాత్రి పదిన్నరకి పెద్దామె ఫోన్ చేసింది. నా ముందు మూడు దారులున్నాయి. ఇద్దరినీ వేరే చోటికి పంపేసి హైకోర్టులో ప్రొటెక్షన్ పిటిషన్ వేయడం. రెండోది, చిన్నామె చేత సొంత దస్తూరితో ఉత్తరం రాయించి, ఆధార్, టెన్త్ మెమో కాపీలు జతచేసి రెండు స్టేషన్లకీ ఎస్పీకీ పంపడం. లేదంటే మనమే దగ్గర్లోని స్టేషన్‌కి వెళ్లి స్టేట్‌మెంట్ ఇచ్చేయడం.

నేను మూడోది ఎంచుకున్నాను. మేజర్ అయిన మనిషి ఎదురుగా నిలబడి "నా ఇష్టంతో ఉంటున్నాను" అంటే మిస్సింగ్ కేసు అక్కడితో క్లోజ్ అవుతుంది. దాక్కుంటే కిడ్నాప్ అంటారని, పెద్దామె మీదకి వస్తుందని భయపడ్డాను. చట్టం మా వైపే ఉందన్న ధీమా కూడా ఉంది. 2018 సెప్టెంబరు 6 నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఈ సంబంధం నేరం కాదు. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల బెంచ్ పెళ్లి ప్రాథమిక హక్కు కాదని ఏకగ్రీవంగా అంది, సివిల్ యూనియన్ గుర్తింపుని, అంటే పెళ్లి కాకపోయినా జంటగా చట్టం ఇచ్చే గుర్తింపుని, 3-2తో నిరాకరించింది. కానీ ఇష్టపడ్డ మనిషితో కలిసి బతికే హక్కుని ఏ జడ్జీ కాదనలేదు. కలిసి బతకొచ్చు కదా, అది చాలులే అనుకున్నాను.

మర్నాడు స్టేషన్‌కి వెళ్లేసరికి వాళ్లవాళ్లు అప్పటికే అక్కడున్నారు. తల్లి కూడా వచ్చింది. సీఐ మర్యాదగానే మాట్లాడాడు. రెండు ఆధార్లూ చూసి, "మేడమ్, ఇంకేదైనా కాగితం ఉందా?" అని అడిగాడు. ఏ కాగితం అడుగుతున్నాడో నాకు వెంటనే అర్థమైంది. అంతకుముందు నెలలో ఒక కులాంతర జంటని ఇదే ఆఫీసర్ జీపులో ఇంటిదాకా పంపించాడు. ఆ జంట దగ్గర పెళ్లి సర్టిఫికెట్ ఉంది. ఆ కాగితం చూడగానే పోలీసు మనసులో కేసు మారిపోతుంది. ఇంట్లోంచి వెళ్లిపోయిన కూతురు కాస్తా ఒకరి భార్య అవుతుంది, తండ్రి బయటివాడవుతాడు. మా దగ్గర ఆ కాగితం లేదు కాబట్టి చిన్నామె ఆయన కళ్లకి కూతురుగానే ఉండిపోయింది, పెద్దామె బయటి మనిషైంది.

"ఫ్యామిలీ మేటర్ మేడమ్, తల్లితో ఒక్క అయిదు నిమిషాలు మాట్లాడనివ్వండి" అన్నారు. నేను సరేనన్నాను. ఈ కేసులో నేను చేసిన మొదటి తప్పు అదే. కాదంటే గొడవవుతుందని, తల్లే కదా అని ఒప్పుకున్నాను.

అయిదు నిమిషాలు గంటంపావు అయింది. తలుపు సందులోంచి కొంచెం కనపడుతోంది. తల్లి క్యారియర్ తెచ్చింది. మూత తీసి, పప్పన్నం కలిపి కూతురి నోటికి ముద్ద అందిస్తోంది. ఆమె వద్దనలేదు, నమలనూ లేదు. ఆ తర్వాత తల్లి కూతురి కుడిచెయ్యి తీసి తన నెత్తిమీద పెట్టుకుంది. ఏమందో వినపడలేదు. నన్ను లోపలికి పిలిచేసరికి బల్ల మీద కాగితం రెడీగా ఉంది. "నా ఇష్టపూర్వకంగా నా తల్లిదండ్రులతో వెళ్తున్నాను, ఎవరి బలవంతమూ లేదు" అని కానిస్టేబుల్ దస్తూరితో రాసి ఉంది. చిన్నామె నా వైపు చూడకుండా సంతకం పెట్టింది. మేజర్ తన ఇష్టం చెప్పింది, కేసు క్లోజ్. నేను నమ్ముకున్న సూత్రమే మాకు ఎదురు తిరిగింది.

ఆ తర్వాత చేసినవి

రెండు రోజులకి ఆమె ఫోన్ స్విచాఫ్. ఉద్యోగానికి రాజీనామా మెయిల్ వచ్చిందని ఆఫీసువాళ్లు చెప్పారు.

మాటలతో తేలుతుందేమో అని ముందు మేనమామతో మాట్లాడించాం. కులాంతర కేసుల్లో ఇది కొన్నిసార్లు పనిచేస్తుంది. కడుపు పండాకనో, పరువు పోయిందన్న కోపం చల్లారాకనో మనసులు మారతాయి. ఇక్కడ ఆయన ప్రతిసారీ "ఇంకో వారం ఆగండమ్మా" అంటూ వచ్చాడు. పది రోజులు పోయాక తెలిసింది, ఆ ఆగమన్న రోజుల్లోనే ఇంకో సంబంధం చూస్తున్నారని. మహిళల కోసం నడిచే ఒక ప్రభుత్వ కేంద్రానికి వెళ్తే, ఇద్దరినీ పిలిపించి కౌన్సెలింగ్ చేస్తామన్నారు. ఎందుకు కౌన్సెలింగ్ అని అడిగితే, "ఇలాంటివి మారతాయి మేడమ్" అన్నారు. వద్దని లేచొచ్చేశాం.

లీగల్ నోటీసు పంపడం నా రెండో తప్పు. నోటీసు అందిన మూడో రోజుకల్లా ఆమెని ఇంట్లోంచి తీసేసి బంధువుల ఊరికి మార్చారు. ఎక్కడుందో తెలియని మనిషి కోసం కోర్టుకి వెళ్లడం చాలా కష్టం. మనిషి ఉన్న చోటు తెలిసినప్పుడు నోటీసు ఇవ్వకూడదు, నేరుగా పిటిషన్ వేయాలి.

అక్కడ ఆమెని ఒక మానసిక వైద్యుడికి చూపించి నిద్రమాత్రలు మొదలుపెట్టారని దూరపు చుట్టం ద్వారా తెలిసింది. ఇది విని పెద్దామె రెండు రాత్రులు మా ఆఫీసులోనే కూర్చుంది. ఇంటికి వెళ్తే ఆమె పక్క చూడాలి, చూడలేనంది. ఆ డాక్టరుకి ఒకే పేజీ రిజిస్టర్డ్ లెటర్ పంపాం. లైంగికత రోగం కాదని, దాన్ని మారుస్తామనే వైద్యాన్ని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించిందని, 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం పేషెంట్ సమ్మతి ఎవరి దగ్గర తీసుకున్నారో చెప్పమని అడిగాం. బెదిరింపు మాట ఒక్కటీ రాయలేదు. జవాబు రాలేదు కానీ మాత్రలు ఆగాయి. ఆమెని మళ్లీ అక్కడికి తీసుకెళ్లలేదని తర్వాత తెలిసింది.

ఆరో వారంలో ఒక ఉదయం పెద్దామె ఫోన్‌కి 1 రూపాయి వచ్చింది. పంపింది చిన్నామెకి చెల్లెలి వరసయ్యే ఒక కాలేజీ పిల్ల. యూపీఐ నోట్ దగ్గర ఇంగ్లిష్ అక్షరాల్లో చిన్నామె మాటలు మూడు: "నన్ను తీసుకెళ్లు అక్కా". అంతే. కాల్ చేస్తే ఎవరైనా వింటారు, మెసేజ్ పెడితే వాట్సాప్ చూస్తారు. డబ్బులు పంపే యాప్‌లోకి వెళ్లి చూడాలని ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

పిటిషన్

నిర్బంధం ఆంధ్రాలో కాబట్టి ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందుకి తెప్పించమనే పిటిషన్, వేయాలి. రెండు తీర్పులు మాకు బలం. 2024 మార్చి 11న దేవు జి. నాయర్ కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి పిటిషన్లని ఎలా వినాలో మార్గదర్శకాలు ఇచ్చింది. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టే ఇద్దరు ఆడవాళ్ల విషయంలో, వాళ్లు మేజర్లు, కలిసి ఉండొచ్చు, తల్లిదండ్రులు అడ్డుపడకూడదు అని చెప్పింది. అయినా మా మీద పెద్ద బరువు ఉంది. చిన్నామె సంతకంతో "ఇష్టపూర్వకంగా వెళ్తున్నాను" అన్న కాగితం.

అఫిడవిట్‌లో పెద్దామె తనెవరని రాయాలన్న దగ్గర రెండు రోజులు ఆగిపోయాం. స్నేహితురాలు అని రాసినా పిటిషన్ నిలబడుతుంది. సంబంధం ఎలాంటిదని కోర్టులు కూపీ తీయకూడదని, స్నేహితులైనా భాగస్వాములైనా పిటిషన్ వేయొచ్చని ఆ మార్గదర్శకాల్లోనే ఉంది. భాగస్వామి అని రాస్తే ఆఫీసుకీ ఇంటి ఓనర్‌కీ తెలిసే ప్రమాదం. నేను స్నేహితురాలు అనే రాద్దామన్నాను. పెద్దామె ఒప్పుకోలేదు. "తను బయటికొచ్చాక ఈ కాగితం చదువుతుంది మేడమ్. నన్ను స్నేహితురాలని రాసి ఉంటే ఏమనుకుంటుంది?" అంది. లాయరుగా నాకు నచ్చిన సలహా అది కాదు, కానీ ఆ వాక్యం రాయాల్సిన హక్కు ఆమెది. జీవిత భాగస్వామి అని రాసి, పేర్లు గోప్యంగా ఉంచమని, విచారణ ఇన్ కెమెరా, అంటే బయటివాళ్లెవరూ లేకుండా, జరపమని విడిగా దరఖాస్తు పెట్టాం.

1 రూపాయి స్క్రీన్‌షాట్ పెద్ద సాక్ష్యం. కానీ అందులో ఆ కాలేజీ పిల్ల పేరుంది. పిటిషన్‌కి జతచేస్తే కాపీ తండ్రికి వెళ్తుంది. ఒకామెని విడిపించడానికి ఇంకో పిల్లని ఆ ఇంట్లో ఇరికించడానికి మనసు ఒప్పలేదు. సీల్డ్ కవర్లో పెట్టి, అవసరమైతేనే తెరవమని బెంచ్‌ని కోరాం. చివరికి ఆ కవరు తెరవాల్సిన అవసరం రాలేదు.

నా దృష్టి అంతా కోర్టుకి ఇచ్చే ఒక మెమో మీద పెట్టాను. మొదటిసారి ఆమెని ఏం అడిగారన్నది కాదు నన్ను వేధించింది, ఎక్కడ అడిగారన్నది. స్టేషన్‌లో, తల్లి ముద్ద నోట్లో ఉండగా, తల్లి నెత్తిమీద చెయ్యి ఉండగా అడిగారు. కోర్టులో కూడా తండ్రి కారులో ఆరు గంటలు ప్రయాణం చేయించి, దిగగానే అడిగితే అదే జవాబు వస్తుంది. అందుకే మెమోలో అడిగినవి చిన్న చిన్న విషయాలు. ఆమెని మహిళా పోలీసులు విడిగా తీసుకురావాలి. వచ్చాక కొన్ని గంటలు కుటుంబం కంటపడకుండా విశ్రాంతి ఇవ్వాలి. చాంబర్లో ఒంటరిగా మాట్లాడాలి, కుటుంబమూ పోలీసులూ మేమూ ఎవరం ఉండకూడదు. ఇవన్నీ సుప్రీంకోర్టు మార్గదర్శకాల స్ఫూర్తిలో ఉన్నవే. పెద్దామె ఎదురుపడితే ఆమె మీద ఇంకో రకం ఒత్తిడి పడుతుందని, ఆ రోజు పెద్దామెని కోర్టుకి రావొద్దన్నాను. ఆమె విజయవాడలో ఒక స్నేహితురాలి ఇంట్లో కూర్చుంది.

మొదటి వాయిదాకి ప్రభుత్వ న్యాయవాది ఆ పాత స్టేట్‌మెంట్ చూపించారు. బెంచ్ దాన్ని పక్కన పెట్టి మనిషిని తీసుకురమ్మంది. తర్వాతి వాయిదాకి మెమోలో అడిగినట్టే తెచ్చారు. చాంబర్లో ఇరవై నిమిషాలు. లోపల ఏం మాట్లాడిందో నేను ఇప్పటికీ అడగలేదు. ఆమె మేజర్, తన ఇష్టమొచ్చిన చోటికి వెళ్లొచ్చు, పోలీసులు భద్రత ఇచ్చి పంపాలి, సర్టిఫికెట్లు తిరిగి ఇవ్వాలి అని ఉత్తర్వు వచ్చింది. కారిడార్లో తల్లి ఆమె వెనకాలే నాలుగడుగులు వచ్చి ఆగిపోయింది. చిన్నామె వెనక్కి తిరిగి ఆమె కాళ్లకి దణ్ణం పెట్టి, మహిళా కానిస్టేబుల్‌తో వెళ్లిపోయింది.

తర్వాతి కాగితాలు

పెళ్లి సర్టిఫికెట్ ఒక్కటి చేసే పనిని ఎన్ని కాగితాలు కలిస్తే చేయగలవో ఈ కేసులో కూర్చుని లెక్కేశాం. అన్నిటికంటే ముందు మెంటల్ హెల్త్‌కేర్ చట్టం సెక్షన్ 14 కింద నామినేటెడ్ రిప్రజెంటేటివ్ పత్రం, అంటే మానసిక వైద్యం విషయంలో నా తరఫున ఫలానా మనిషి అని చెప్పే కాగితం, రాయించాను. తెల్లకాగితం మీద సంతకంతో రాస్తే చాలు. ఎవరి పేరూ రాయకపోతే ఆ స్థానం బంధువులకి పోతుంది. మనిషి నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉందని ఆస్పత్రిలో చేర్చాలంటే దరఖాస్తు చేసేది ఈ రిప్రజెంటేటివే. చిన్నామెకి జరిగినదాని తర్వాత ఈ ఒక్క కాగితం విలువ మాకు బాగా తెలిసింది. ఇప్పుడు నా దగ్గరికి వచ్చే ప్రతి స్వలింగ జంట చేతా మొదటి రోజే రాయిస్తున్నాను.

జాయింట్ అకౌంట్‌కి బ్యాంకులో మొదట వద్దన్నారు. క్వీర్ వ్యక్తులు, అంటే స్వలింగ సంబంధాల్లో ఉన్నవాళ్లలాంటివాళ్లు, జాయింట్ అకౌంట్ తెరవడానికీ, భాగస్వామిని నామినీగా పెట్టడానికీ అడ్డులేదని కేంద్ర ఆర్థిక శాఖ 2024 ఆగస్టు 28న ఇచ్చిన సూచన ప్రింట్ తీసి పట్టుకెళ్లాం. అరగంటలో పనైంది. విల్లులు ఇద్దరు సాక్షులతో రాసుకున్నారు. ఇక సొంత దస్తూరితో ఉత్తరం. "నేను ఎప్పుడైనా మా ఇంటివాళ్లతో వెళ్తున్నానని సంతకం పెడితే, నన్ను ఒంటరిగా కలిసి అడిగేదాకా దాన్ని నమ్మొద్దు" అని తేదీ వేసి రాసి నా దగ్గర ఉంచారు. ఈ ఉత్తరం ఫిబ్రవరిలోనే రాయించి ఉంటే స్టేషన్లో నా చేతిలో ఏదో ఒకటి ఉండేది.

ఇన్ని చేసినా ఇవి అతుకుల బొంతే. మృతదేహాన్ని భాగస్వామి తీసుకోవచ్చని కేంద్రం చెప్పింది, కానీ దగ్గరి బంధువులు అందుబాటులో లేనప్పుడు. చిన్నామెకి బంధువులు ఉన్నారు. పెళ్లి హక్కు ఎందుకంటారా, తాళికీ తలంబ్రాలకీ కాదని చెప్పను, ఇద్దరికీ ఆ ముచ్చట కూడా ఉంది. దాంతోపాటు, స్టేషన్లో ఒక సీఐ అడిగే "ఇంకేదైనా కాగితం ఉందా" అన్న ప్రశ్నకి జవాబు కావాలి.

రాష్ట్రం చేతిలో ఉన్నది

పెళ్లి సంగతి పార్లమెంటు చూసుకోవాలి అని మన రాష్ట్ర నాయకులు అంటుంటారు. రాజ్యాంగంలో వివాహం ఉమ్మడి జాబితాలో ఉంది, కాబట్టి ఆ మాట పూర్తిగా నిజం కాదు. అది పక్కన పెట్టినా, పోలీసులూ ప్రభుత్వాస్పత్రులూ రాష్ట్ర జాబితాలోవి. ఈ కేసులో ఆమె స్వేచ్ఛని తీసుకుంది పెళ్లి చట్టం కాదు, ఒక స్టేషన్ గది. పరువు హత్యల మీద 2018 మార్చిలో శక్తివాహిని తీర్పు జిల్లాకో స్పెషల్ సెల్ ఉండాలంది, బెదిరింపులున్న జంటలకి జిల్లా కేంద్రాల్లో సేఫ్ హౌస్‌లు పెట్టే విషయం ఆలోచించమంది. అదే ఏడాది సెప్టెంబరులో మిర్యాలగూడలో గర్భిణి అయిన భార్య కళ్లముందే ఒక దళిత యువకుణ్ణి నరికి చంపారు. ఆ జంటలకి కావలసిన సేఫ్ హౌసే ఈ జంటలకీ కావాలి. ఈ మాట కులనిర్మూలన సభల్లో చెప్పినప్పుడు మొదట్లో కొందరు మిత్రులు ఇబ్బందిగా చూశారు. ఈ కేసు చెప్పాక ఆ ఇబ్బంది చాలావరకు పోయింది, ఎందుకంటే తల్లి కూతురి చెయ్యి తన నెత్తిన పెట్టించుకోవడం వాళ్లందరూ చూసిందే.

కేసయ్యాక మేం పోలీసు అధికారులకి పదకొండు పేజీల వినతిపత్రం ఇచ్చాం, నిండా తీర్పులే. ఎవరూ చదవలేదు. రెండోసారి అర పేజీలో ఒకే కోరిక రాశాం. మిస్సింగ్ కేసులో దొరికిన మేజర్ స్త్రీ స్టేట్‌మెంట్‌ని కుటుంబం లేని గదిలో తీసుకోవాలి, కాగితం మీద "ఒంటరిగా మాట్లాడాను" అని ఆఫీసర్ సంతకం ఉండాలి. స్వలింగ అన్న పదం అందులో వాడలేదు. వాడకపోవడం సరైనదేనా అని మా గుంపులో పెద్ద వాదన జరిగింది, ఇంకా జరుగుతోంది. నా మటుకు ఈ నియమం ఏ కారణంతో ఇల్లు దాటిన ఆడమనిషికైనా ఉండాలి. ఒక అధికారి దాన్ని తన పరిధిలోని స్టేషన్లలో అమలు చేస్తానన్నారు, రెండు స్టేషన్లలో మా చేత గంటసేపు మాట్లాడించారు కూడా. సర్క్యులర్ మాత్రం ఇంకా రాలేదు.

ఇప్పుడు

చిన్నామె కొత్త ఉద్యోగంలో చేరింది. కోర్టు ఉత్తర్వు తర్వాత టెన్త్ మెమో, ఇంటర్ మెమో పోస్టులో వచ్చాయి. డిగ్రీ ఒరిజినల్ రాలేదు. డూప్లికేట్ కావాలంటే సర్టిఫికెట్ పోయిందని పోలీసుల దగ్గర రాయించుకు రావాలి. అది పోలేదు, అన్న బీరువాలో ఉంది. పోయిందని అబద్ధం రాయనని ఆమె పట్టుబట్టింది. ఉత్తర్వు అమలు కాలేదని కోర్టులో వేయాల్సిన దరఖాస్తు ఈ వారం రాస్తున్నాను.